అయస్కాంత ప్రతిబల మాపనం

అయస్కాంత ప్రతిబల మాపనం అనగా ఉక్కు కట్టడాలలోని ప్రతిబలాన్ని, ఆ ఉక్కు యొక్క అయస్కాంత ధర్మాలలో కలిగే మార్పును బట్టి తెలుసుకొనే పద్ధతి. వంతెనల కేబుళ్లు, రైలు పట్టాలు, పైపులైన్ల పరిశీలనలో దీనిని ఉపయోగిస్తారు. లోహాన్ని కోయనవసరం గాని, రంధ్రం చేయనవసరం గాని లేదు.

అవసరం

ప్రతిబలం కంటికి కనిపించదు. పెద్ద బరువు మోస్తున్న దూలము, ఏ బరువూ లేని దూలము చూపుకు ఒకే విధంగా ఉంటాయి. ఇంజనీర్లు సాధారణంగా వాడే స్ట్రెయిన్ గేజి వికృతిని కొలుస్తుంది. అయితే దానిని అతికించిన నాటినుండి వచ్చిన మార్పును మాత్రమే అది చూపగలదు. అంతకు పూర్వమే లోహంలో ఉన్న ప్రతిబలం దానికి అందదు.

ఇందుకు రైలు పట్టా మంచి ఉదాహరణ. అతుకులు లేకుండా వెల్డింగు చేసిన పట్టా ఎండకు సాగడానికి చోటుండదు. ఆగిపోయిన ఆ వ్యాకోచమే సంపీడన ప్రతిబలంగా మారుతుంది. ఇది ఒక్కొక్క సెల్సియస్ డిగ్రీకి సుమారు 2.4 మెగాపాస్కల్‌లు. మీటరుకు 60 కిలోలు తూగే పట్టా అడ్డుకోత వైశాల్యం దాదాపు 77 చదరపు సెంటీమీటర్లు. ప్రతిబలం శూన్యంగా ఉండే ఉష్ణోగ్రత కంటే పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే, ఒక్క పట్టాలోనే సుమారు 56 టన్నుల బలం పుడుతుంది. కంకర పట్టు సడలిన చోట దారి పక్కకు వంగి, బండి పట్టాలు తప్పవచ్చు. ఆ శూన్య ఉష్ణోగ్రతను పట్టా వేసినపుడే నిర్ణయిస్తారు. కాని మరమ్మత్తుల వలన, బండ్ల రాకపోకల వలన అది ఏళ్ల తరబడి మారుతూ ఉంటుంది. కనుక తెలియవలసినది మార్పు కాదు, పట్టాలో ఇప్పుడున్న అసలు ప్రతిబలం.

సూత్రం

ఇనుమును అయస్కాంతీకరిస్తే దాని పొడవు అతి స్వల్పంగా మారుతుందని జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1842లో కనుగొన్నాడు. దీనికి విలోమమైన ప్రభావాన్ని, అనగా బలం ప్రయోగిస్తే అయస్కాంతీకరణం మారుతుందని, ఇటలీ భౌతిక శాస్త్రవేత్త ఎమీలియో విల్లారి 1865లో వివరించాడు. ఉక్కు లోపల డొమైన్లు అనబడే సూక్ష్మ ప్రాంతాలు ఒక్కొక్కటి ఒక చిన్న అయస్కాంతం వంటివి. ఉక్కును లాగినపుడు, లాగిన దిశకు సమాంతరంగా ఉన్న డొమైన్లు పెరగడం సులభమవుతుంది, నొక్కినపుడు కష్టమవుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. బలహీన క్షేత్రంలో తన్యత ఇనుము యొక్క అయస్కాంతీకరణాన్ని పెంచుతుంది, బలమైన క్షేత్రంలో తగ్గిస్తుంది. దీనిని విల్లారి విపర్యయం అంటారు. కావున ఏ క్షేత్రంలో కొలిచారో చెప్పని కొలతకు విలువ లేదు.

సెన్సర్లు

వంతెన కేబుళ్లకు వాడే సెన్సర్లో కేబులే తీగచుట్టకు కోరుగా పనిచేస్తుంది. మొదటి చుట్టలో విద్యుత్ స్పందనను పంపి ఉక్కును సంతృప్త స్థితికి దగ్గరగా తీసుకువెళతారు. రెండవ చుట్టలో పుట్టే వోల్టేజి నుండి ప్రవేశ్యశీలతను, దాని నుండి ప్రతిబలాన్ని లెక్కిస్తారు. సంతృప్త స్థితి వద్ద ఈ సంబంధం దాదాపు సరళరేఖగా ఉండడం పెద్ద సౌలభ్యం. ఉక్కును తాకనవసరం లేనందున రంగు, ప్లాస్టిక్ తొడుగు అడ్డు కావు. ఇదివరకే బిగించి ఉన్న కేబులు చుట్టూ కూడా తీగను అక్కడికక్కడే చుట్టవచ్చును.

రెండవ విధానం జర్మనీకి చెందిన హైన్రిక్ బార్క్‌హౌసెన్ 1919లో కనుగొన్న ధ్వనిపై ఆధారపడినది. క్షేత్రం మారేటపుడు డొమైన్ల సరిహద్దులు నిలకడగా కాక కుదుపులతో జరుగుతాయి. ఆ కుదుపులు తీగచుట్టలో చిటపటలుగా వినిపిస్తాయి. సాధారణంగా ఉక్కులో తన్యత ఈ ధ్వనిని పెంచుతుంది, సంపీడనం తగ్గిస్తుంది. అయితే ఈ సంకేతం మిల్లీమీటరు లోతుకు మించి రాదు. రైలు చక్రాలు నలిపిన పట్టా ఉపరితలంలో వేరే అవశేష ప్రతిబలం ఉంటుంది గనుక కొలిచే చోటును జాగ్రత్తగా ఎన్నుకోవాలి.

పరిమితులు

ఉష్ణోగ్రత, ఉక్కు రకం, వేడిచేసి చల్లార్చిన తీరు, పూర్వపు అయస్కాంత చరిత్ర — ఇవన్నీ కొలతను మారుస్తాయి. అందుచేత అదే రకం ఉక్కు నమూనాపై తెలిసిన బరువులతో ముందుగా క్రమాంకనం చేయాలి. పాత కట్టడాలకు అటువంటి నమూనా దొరకడమే కష్టం.

సెన్సరు తానున్న చోటి ప్రతిబలాన్నే చెబుతుంది. దూరాన తుప్పు పట్టిన తీగలను వెదకడం వేరే పని. ఇటలీలోని జెనోవాలో 1967లో ప్రారంభమైన మొరాండి వంతెన 2018 ఆగస్టు 14న కూలి 43 మంది మరణించారు. దాని కేబుళ్లు కాంక్రీటు తొడుగులో దాగి ఉండేవి. అటువంటి కట్టడాలకు ప్రతిబల మాపనంతో పాటు తుప్పు పరీక్ష కూడా విడిగా చేయవలసి ఉంటుంది.

కృత్రిమ క్షేత్రం లేకుండా, భూమి అయస్కాంత క్షేత్రంలోనే ఉక్కుపై మిగిలిన గుర్తులను చదివే లోహ అయస్కాంత స్మృతి పద్ధతి రష్యాలో రూపొందినది. ప్రతిబలం ఎక్కువైన చోట్లను ఇది సూచించగలదు గాని, దానితో ప్రతిబలం విలువను అంకెలలో చెప్పవచ్చునా అన్న విషయంలో పరిశోధకులలో భేదాభిప్రాయాలు ఉన్నాయి.