ఒకే కప్పు కింద తువ్వాలూ తివాచీ

1851 వేసవిలో లండన్ హైడ్ పార్కులో గాజుతో కట్టిన ఒక మహాభవనంలో మన ఏలూరు తివాచీ ఉంది. అదే భవనంలో, అదే వేసవిలో, యంత్రం మీద నేసిన తొలి టర్కీ తువ్వాళ్లూ ఉన్నాయి. ఈ రెండు సంగతులూ నాకు విడివిడిగా ఎప్పటి నుంచో తెలుసు. రెండూ ఒకే కప్పు కిందివని మాత్రం మొన్నొక ఆదివారం పొద్దున ఇంటిముందు కారు కడిగి తుడుస్తుంటే తట్టింది. చేతిలో తువ్వాలు. అరుగు మీద అమ్మమ్మ నాటి ఏలూరు తివాచీ, ఎండకి వేసింది. దాని మీదా నూగే, దీని మీదా నూగే. ఆ పూట కారు సగం తడిగానే ఉండిపోయింది, నేను పుస్తకాల బీరువా దగ్గరికి పోయాను.

కారు కడగడం ఎవరైనా కడుగుతారు. పనంతా ఆ తరవాత తడి తీయడంలో ఉంది. మాది బోరు నీళ్ల వీధి. కొల్లేటి వైపు దిగేకొద్దీ చాలాచోట్ల బోర్లలో ఉప్పదనం తగులుతుంది. బానెట్ మీద నిలిచిన బొట్టు ఎండకి ఆవిరైతే పోయేది నీరొక్కటే. అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంగరంలా అక్కడే కూచుంటాయి. నల్ల కారైతే సున్నం చల్లినట్టు కనపడుతుంది. అది చూడలేక పొడిగుడ్డతో గట్టిగా రుద్దుతాం. అసలు నష్టం అప్పుడు జరుగుతుంది. ఇవాళ్టి కారు రంగు మీద మెరుపు కోసం వేసే పారదర్శకపు పొర సుమారు 40, 50 మైక్రాన్లు, తలవెంట్రుక కన్నా పల్చన. గుడ్డకీ ఆ పొరకీ మధ్య ఇసుక రేణువు ఒక్కటి చిక్కితే చాలు, ఎండలో నిలబెట్టినప్పుడు సాలెగూడు లాంటి గీతలు సూర్యుడి ప్రతిబింబం చుట్టూ కనిపిస్తాయి.

దీనికి మందు మా అమ్మ నోట్లో ఉండేది. తలంటు పోసి తల తుడిచేటప్పుడు "రుద్దకే, అద్దు" అనేది అక్కతో. మనకి తుడవడం వేరు, రుద్దడం వేరు, ఒత్తడం వేరు, అద్దడం వేరు. అద్దడమంటే గుడ్డని తడి మీద ఆనించి, ఆ తడి తనంతట తాను గుడ్డలోకి ఎక్కేదాకా ఆగడం. ఇప్పుడు పిల్లల తలలకి వేడిగాలి యంత్రాలు వచ్చాక ఆ మాట ఇళ్లలో వినపడటం తగ్గింది. నాకది మాట ఒక్కటే పోవడంలా అనిపించదు, చెయ్యి ఒక మెళకువ మరిచిపోవడంలా ఉంటుంది.

అద్దితే తడి ఎక్కాలంటే గుడ్డకి నూగుండాలి. అక్కడికే వస్తున్నాను.

'తువ్వాలు' అన్న మాట మనది కాదు, పోర్చుగీసు వాళ్ల 'తొఆల్యా'. ఓడల్లో వచ్చి తీరంలో దిగి, మన నోటికి తగ్గట్టు మారింది. అంతకు ముందు మనకి ఉన్నవి తుండుగుడ్డా, కండువా, ఉత్తరీయం. అన్నీ నున్నటి నేత. ఏలూరు బజారులో ఇప్పటికీ కొట్టువాణ్ని 'టర్కీ టవల్' అనే అడుగుతాం, ఆ పేరులో టర్కీ ఎందుకుందో ఆలోచించకుండానే. అది నిజంగానే టర్కీ. అక్కడి బుర్సా పట్నంలో స్నానశాలల కోసం చేత్తో నేసేవాళ్లు. తురుష్క భాషలో తువ్వాలుని 'హవ్లు' అంటారు. 'హవ్' అంటే నూగు, హవ్లు అంటే నూగున్నది. వస్తువుకి దాని పనిని బట్టి కాకుండా దాని ఒంటిని బట్టి పేరు పెట్టారు. నాకు ఆ పేరు ఎంత నచ్చిందో చెప్పలేను.

1850లో హెన్రీ క్రిస్టీ అనే ఇంగ్లీషాయన తూర్పు దేశాలు తిరగడానికి బయల్దేరాడు. బ్యాంకు వ్యాపారి, టోపీలు తయారుచేసే కుటుంబం వాడు, క్వేకరు మతస్థుడు. తిరిగొస్తూ తెచ్చిన గుడ్డల్లో బుర్సా తువ్వాలొకటి. మాంచెస్టరు దగ్గర డ్రాయిల్స్‌డెన్‌లో వాళ్ల మిల్లు ఉంది. అక్కడ పనిచేసే శామ్యూల్ హోల్ట్ ఆ నేతని యంత్రానికి నేర్పాడు. కిటుకు పడుగులో ఉంది. మామూలు మగ్గానికి ఒక పడుగైతే దీనికి రెండు. ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా. రెండు మూడు పేకలు కాస్త ఎడంగా వేసి, ఒక్కసారిగా ముందుకి కొడితే, బిగువు పడుగు కదలదు, వదులు పడుగు మాత్రం ఉంగరాలు ఉంగరాలుగా పైకి లేస్తుంది. అవే నూగు. ఇటు కొన్ని, అటు కొన్ని. ప్రతి ఉంగరం ఒక చిన్న చెలమ. పోగుల సందుల్లోకి నీరు తానే పాకుతుంది, ప్రమిదలో వత్తికి నూనె ఎక్కినట్టు.

ఆ తువ్వాళ్లని 1851లో హైడ్ పార్కు గాజుభవనంలో జరిగిన మహాప్రదర్శనలో పెట్టారు. విక్టోరియా రాణి ఆరు డజన్లు తెప్పించుకుందని క్రిస్టీల కంపెనీ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆ ప్రదర్శన గురించి చదవడం మొదలుపెడితే నాకు ఆపడం చాతకాదు. మే 1న తెరిచి అక్టోబరు 15న మూశారు. వచ్చినవాళ్లు 60 లక్షల పైమాటే. భవనం గీసిన జోసెఫ్ పాక్స్‌టన్ చదువుకున్న ఇంజనీరు కాదు, తోటమాలి. దాదాపు 3 లక్షల గాజుపలకలు. అంత గాజు కింద అంతమంది ఊపిరి తీస్తే లోపలి తడి గాజుకి పట్టి, బొట్లుబొట్లుగా సరుకు మీద పడదా? పాక్స్‌టన్ దానికి ముందే ఉపాయం చేశాడు. కప్పు చెక్కల పైభాగంలో వాన నీటికి కాలవ, పక్కల్లో లోపలి చెమ్మకి సన్నటి కాలవలు తొలిపించాడు. రెండూ ఒకే చెక్కలో. తడి ఎక్కడ నిలుస్తుందో ముందే ఎరిగి దానికి దారి చూపించిన మనిషంటే నాకు గౌరవం. కారు అద్దాల సందుల్లోంచి, నెంబరు పలక వెనక నుంచి, తుడిచాక అరగంటకి కారే నీటి చారలు చూసినప్పుడల్లా పాక్స్‌టన్ గుర్తొస్తాడు.

పార్కులోని పెద్ద చెట్లని కొట్టకుండా వాటి మీదుగానే భవనం లేపారు. ఆ కొమ్మల్లో పిచ్చికలు. కింద ప్రపంచమంతటి నుంచి వచ్చిన పట్టూ, శాలువలూ, తివాచీలూ. రెట్టల బాధ పడలేక రాణి వెల్లింగ్టన్ ప్రభువుని అడిగితే డేగల్ని వదలమన్నాడని ఒక కథ ఉంది. కథే కావచ్చు. కొల్లేటి ఆటపాకలో పెలికన్ల చెట్ల కింద కారు ఆపి గంట తరవాత తిరిగొచ్చినవాళ్లకి అందులోని బాధ మాత్రం కథగా తోచదు.

ఆ ప్రదర్శనలో కోహినూరు ఉంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే వజ్రం. జనం దాని చుట్టూ మూగారు. ఏలూరు తివాచీ కూడా అక్కడే, ఈస్టిండియా కంపెనీ అమర్చిన మన దేశపు విభాగంలో ఉంది. అప్పటికి ఏలూరుకి కాలవలు రాలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి గానీ పూర్తి కాలేదు. బెజవాడ ఆనకట్ట 1855. కృష్ణ కాలవా గోదావరి కాలవా ఏలూరులో కలుసుకోవడం ఆ తరవాతి ముచ్చట. ఊరికి రెండు నదుల నీళ్లు రాకముందే ఊరి తివాచీ సముద్రాలు దాటిందన్న మాట.

ఆ నేత తురకల ఏలుబడిలో పర్షియా నుంచి వచ్చిన కుటుంబాలతో వచ్చింది. వచ్చిన తొలి వందేళ్ల గురించి గట్టిగా చెప్పగలిగింది కొద్దే. మనకి కనపడేది వాళ్లు ఇక్కడివాళ్లయిపోయాక. ఏలూరు తంగెళ్లమూడిలో నిలువు మగ్గాలు పెట్టి, గొర్రె ఉన్ని పోగుని పడుగుకి ముడేసి, కత్తిరించి, మళ్లీ ముడేసి, వరస పూర్తయ్యాక దువ్వెనతో దింపి నేశారు. నమూనాలకి పెట్టిన పేర్లు చూడండి: హాషిం ఖానీ, రామచంద్ర ఖానీ. ఇరాను పువ్వుకి రాముడి పేరు, దానికి ఖాను తోక. మన ఊళ్ల కలుపుగోలుతనం గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా నాకు ఇంత బలంగా తగల్లేదు.

తువ్వాల్లో పోగు ఉంగరంలా ఉంటుంది, తివాచీలో తెగి నిలబడుతుంది. కానీ రెండూ చేసే పని ఒకటే: పైన పడ్డదాన్ని లోపలికి తీసుకోవడం. తివాచీ మీద దుమ్ము కనపడదు. దండెం మీద వేసి కర్రతో కొడితే తెలుస్తుంది అది ఎంత మింగిందో. నున్నటి గుడ్డ ఇసుక రేణువుని రంగు మీద ఈడ్చుకుపోతుంది. నూగుగుడ్డ దాన్ని లోతులోకి లాక్కుని రంగుకి దూరంగా ఉంచుతుంది. కారు తుడిచే గుడ్డకి నూగు కావాలనడానికి నీటికన్నా పెద్ద కారణం ఇదే.

ఇక తివాచీకి ఏమైందో చెప్తాను. 1856లో లండన్‌లో పెర్కిన్ అనే రసాయన శాస్త్రవేత్త బొగ్గు తారు నుంచి కృత్రిమ రంగు తీశాడు. ప్రదర్శన ముగిసి అయిదేళ్లయినా నిండా గడవలేదు. చిరువేరు ఎరుపూ, నీలిమందూ తరతరాలుగా పండించిన ఈ తీరానికి డబ్బాల్లో రంగులొచ్చాయి, చౌకగా, ఎండకి వెలిసేవి. జైళ్లలో ఖైదీల చేత నేయించిన తివాచీలు బజారుకొచ్చి ధరలు పడగొట్టాయి. 1908లో హెన్రీ హారిస్ దక్షిణదేశపు తివాచీ నేత మీద మద్రాసులో ఒక గ్రంథం వేశాడు. ఒక పనితనం గురించి సర్కారు పుస్తకం రాయించే వేళకి ఆ పనితనం మంచం పట్టి ఉంటుందని నా అనుభవం. మెచ్చుకున్న ప్రపంచమే బేరమాడి చంపింది. దీన్ని ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు.

క్రిస్టీ మాత్రం ఆ ప్రదర్శన చూశాక మారిపోయాడు. ఆదిమ జనుల పనిముట్ల మీద మనసుపడి, లార్తే అనే ఫ్రెంచి పండితుడితో కలిసి ఫ్రాన్సు గుహలు తవ్వించాడు. 1865లో పోయాడు. ఆయన కూడబెట్టినవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

కార్లు వచ్చాక కథ తొందరగా నడుస్తుంది. యూరపులో గుర్రపుబండ్లు తుడవడానికి కొండమేక తోలు వాడేవాళ్లు. అదే షామీ. ఇప్పుడు అమ్మేది గొర్రెతోలు లోపొరని చేపనూనెలో నానబెట్టి చేసింది. మా చిన్నప్పుడు దొరల కార్ల డ్రైవర్ల దగ్గర చూడాల్సిందే. మిగతావాళ్లకి బనియన్ వేస్టే. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల లారీలు దిగే చోట తెల్లారుజామున క్లీనరు కుర్రాడు పాత బనియన్ కోతలతో ముందద్దం తుడుస్తుంటే నిలబడి చూసేవాణ్ని. తిరుప్పూరు బనియన్ల కోతల్లోనూ పోగు ఉంగరాలు ఉంగరాలుగానే అల్లి ఉంటుందని ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు, వాడి చేతికి మాత్రం తెలుసు. అతుకు కుట్టున్న ముక్కని ఏరి పక్కన పడేసేవాడు. అద్దాన్ని గీసేది ఆ కుట్టులో చిక్కిన రేణువే.

తరవాత గొట్టంలో చుట్టి అమ్మే పసుప్పచ్చ కృత్రిమ షామీ వచ్చింది. ఎండితే రేకులా బిర్రబిగుస్తుంది, తడిస్తే మెత్తబడుతుంది. ఇండోనేసియాలో దాన్ని 'కానెబో' అనే పిలుస్తారు. అది 1887లో టోక్యోలో పుట్టిన నూలు మిల్లు కంపెనీ పేరు. నీరు బాగా లాగుతుంది గానీ నున్నన. రేణువు దాక్కునే చోటు అందులో లేదు. 1970లో జపానులోనే తోరే కంపెనీ శాస్త్రవేత్త మియోషి ఒకమోతో పట్టుకన్నా ఎంతో సన్నటి పోగు తీశాడు, కృత్రిమ స్వేడ్ తోలు కోసం. ఆ దారిలోనే పాలియెస్టరూ నైలానూ కలిపి, నిలువునా చీల్చిన పోగులతో మైక్రోఫైబర్ తువ్వాళ్లొచ్చాయి. నూగు మళ్లీ తిరిగొచ్చింది, బుర్సా నుంచి ఒక చుట్టు తిరిగి.

ఇప్పుడు నేను చేసేది చెప్తాను. కారుని నీడన, బానెట్ చల్లారాక కడుగుతాను. చివర పైపు మూతికి ఏమీ తగిలించకుండా, నీటిని పైకప్పు మీంచి దుప్పటిలా మెల్లగా జారనిస్తాను. సగం తడి దానితోనే దిగిపోతుంది. దళసరి మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి, అరచేత్తో అద్ది, ఎత్తేస్తాను. లాగాల్సొస్తే బరువు మోపకుండా ఒకే దిక్కుకి. పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపులు, అడుగు చివర. చక్రాలకి వేరే గుడ్డ. నేల మీద జారిపడిన తువ్వాలు ఆ పూటకి మళ్లీ కారు ముట్టదు. ఉతికేటప్పుడు బట్టల్ని మెత్తబరిచే ద్రవం వెయ్యను, అది పోగు మీద పూతలా పట్టి నీరు ఎక్కనివ్వదు. తలుపులన్నీ తెరిచి అంచులు అద్ది, వీధి చివరిదాకా నడిపి రెండు మూడుసార్లు బ్రేకు తొక్కుతాను. బ్రేకు పళ్లేలకి తుప్పు పట్టదు.

ఈమధ్య తంగెళ్లమూడిలో ఒకప్పుడు తివాచీలు నేసిన సాయిబుగారింటికి వెళ్లాను. ఎనభై దాటి ఉంటాయి. మాటల్లో ఈ సంగతంతా చెప్పి, కార్లోంచి ఆ తువ్వాలు తెచ్చి చేతికిచ్చాను. పైన నిమరనైనా నిమరలేదు. ముందు తిప్పి వెనక చూశారు. తివాచీ పనితనం వెనకే తెలుస్తుంది, ముళ్లు లెక్కపెట్టేది అక్కడే. దీనికి వెనకా ముందూ ఒకటే అయ్యేసరికి రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, బొటనవేలి గోటితో ఒక ఉంగరాన్ని పట్టి లాగారు. పోగు సర్రున వచ్చేసింది.

"ముడి వెయ్యలేదు బాబూ" అన్నారు, జాగ్రత్తగా ఆ పోగుని మళ్లీ లోపలికి దూర్చడానికి చూస్తూ.