సున్నా అంటే ఎంత?

పోయిన నెల మా ప్రాజెక్టులో ఓ అర్ధరాత్రి గొడవ. ఒక రిపోర్టు తాత్కాలికంగా ఆపాలని, దాని మాంగోడీబీ క్వెరీకి లిమిట్ 0 పెట్టాను. "ఏమీ తేవద్దు" అని నా ఉద్దేశం. అది కలెక్షన్ మొత్తం తెచ్చి సర్వర్ నెత్తిన కుమ్మరించింది! తప్పు నాదే. కానీ దీని వెనక కాస్త చరిత్ర ఉందండోయ్.

1970లో కాడ్ రాసిన పేపర్లో రిలేషన్ అంటే సెట్, మనం ఇంటర్ లెక్కల్లో చదివిందే. సెట్‌కి వరస ఉండదు. వరసే లేనప్పుడు "మొదటి పది" ఎక్కడివి? 1986 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనూ లిమిట్ లేదు. దాంతో ఎవరి దారి వాళ్ళది: ఒరాకిల్‌కి రోనమ్, మైక్రోసాఫ్ట్‌కి టాప్, మైఎస్‌క్యూఎల్‌కి లిమిట్. ఫెచ్ ఫస్ట్ ప్రమాణంలోకి ఎక్కేసరికి 2008 అయింది.

మరుసటి ఏడే మాంగోడీబీ వచ్చింది, అదే లిమిట్ అన్న పేరుతో. కానీ మైఎస్‌క్యూఎల్‌లో లిమిట్ 0 అంటే ఒక్క రికార్డూ రాదు. మాంగోలో 0 అంటే అసలు హద్దే లేదు. పేరొకటే, అర్థం తలకిందులు. ఆ పాత అలవాటే నన్ను ముంచింది.

ఇప్పుడు మా కోడ్‌లో 0 వస్తే క్వెరీ దాకా పోనివ్వం. మీరూ ఓసారి చూసుకోండి మరి!