ముందు బ్రేకు

ఎండ ఇంకా ముదరలేదు. గుంటూరు శివార్లలో కాలేజీ బస్సులు నిలిపే తారు జాగాలో మీ ముందు 100 సీసీ బండి ఉంది. ఎక్కమంటారని మీరు చూస్తుంటే, బండి నేర్పే మాస్టారు ఇంజన్ ఆపేసి తోయమంటారు. 110 కిలోల పైచిలుకు బరువు. నిటారుగా ఉన్నంతసేపూ ఒంటిచేత్తో నిలుస్తుంది. అవతలికి ఒరిగిందా, రెండు చేతులూ చాలవు. “నీ తుంటికి ఆనించుకో అబ్బాయ్, అటు ఒరగనివ్వకు.”

హెల్మెట్ బిగించాక గడ్డం పట్టీ కింద వేళ్లు దూర్చి చూస్తారు. వెనకనుంచి పైకెత్తి చూస్తారు. ఊడలేదు. ఐఎస్ఐ గుర్తు కూడా ఉంది. చలానా తప్పించుకోవడానికి పెట్టుకునే టోపీలు ఆయన దగ్గర చెల్లవు.

స్టార్ట్. పచ్చలైటు వెలిగింది, న్యూట్రల్లో ఉన్నారు. క్లచ్ పట్టి ఫస్ట్ గేరు వేశారు. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ మెల్లగా వదులుతుంటే, ఒకచోట ఇంజన్ గొంతు బరువెక్కి బండి ముందుకు లాగుతుంది. వేళ్లు అక్కడే ఆగాలి. మీవి ఆగలేదు. ఒక్క కుదుపు, ఇంజన్ ఆఫ్. పక్కనున్న కుర్రాడు నవ్వాడు. తన వంతు వచ్చాక నవ్వలేదు.

కాసేపటికి బండి నడుస్తోంది. అసలు పాఠం ఇప్పుడు: సున్నంతో గీసిన గీత దగ్గర ఆపాలి. వేగం 20 మాత్రమే. గీత రాగానే మీ కుడికాలు తొక్కేసింది, కుడిచేయి కదల్లేదు. వెనక చక్రం కీచుమని పక్కకు జారింది, బండి గీత దాటింది.

“చెయ్యెందుకు వాడలేదు?”

“ముందు బ్రేకు వేస్తే బోల్తా పడతామని మా నాన్న...”

ఈ మాట ఆయనకు రోజూ వినపడేదే. బండి ముందు నిలబడి హ్యాండిల్ కిందికి నొక్కి చూపిస్తారు. ఆపుతున్నప్పుడు బరువంతా ఇటు వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. నేలను గట్టిగా పట్టేది ముందుదే. పడేసేది బ్రేకు కాదు, అదాటున గుంజడం, హ్యాండిల్ తిప్పి ఉండగా గుంజడం, ఇసుకలో గుంజడం. 2019లో 125 సీసీ వరకూ కొత్త బండ్లకు సీబీఎస్ (రెండు బ్రేకులూ కలిపి వేసేది) అయినా ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసేది) అయినా తప్పనిసరి చేశారు. సీబీఎస్ ఉంటే కాలితో తొక్కినా ముందు చక్రానికి కొంత బ్రేకు అందుతుంది. మన కుడిచేతి భయానికి చివరికి యంత్రంలోనే మందు వేయాల్సొచ్చింది.

మళ్లీ వెళ్లండి. కాలూ చెయ్యీ కలిపి. చేత్తో నిమ్మకాయ పిండినట్టు, మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ. ముందు ఫోర్కులు కుంగాయి. గీతకు జానెడు ఇవతలే ఆగారు.

ఇప్పుడు 40తో. వేగం రెట్టింపే, బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం మాత్రం నాలుగింతలు. పైగా ఆ వేగంలో ఒక్క సెకను తటపటాయిస్తే బ్రేకు తగలకముందే 11 మీటర్లు పోతాయి. ఆగమని మాస్టారు చెయ్యెత్తినప్పుడు మీరున్న చోటికీ మీరు ఆగిన చోటికీ మధ్య అడుగులేసి చూపిస్తారు, మీకు నోరు పెగలదు.

ఆ తర్వాత కోన్‌ల చుట్టూ ఎయిట్ (8 ఆకారం) వేయడం తేలిగ్గానే వచ్చింది. కోన్ వైపు కాకుండా వెళ్లాల్సిన వైపు చూస్తే బండి తిరుగుతుంది, వెనక బ్రేకు మీద కాలు కాస్త ఆనిస్తే తడబడదు. లైసెన్సు పరీక్ష అంటే అందరూ దీన్నే తలుస్తారు, ఆగడాన్ని కాదు.

మాస్టారు బకెట్‌తో నీళ్లు తెప్పించి గీత ముందు తారు మీద పోయిస్తున్నారు. “మళ్లీ 20తో మొదలెట్టు. ఈసారి ఇంకొంచెం ముందునుంచే పిండు.”