భద్రాచలపు మన్యమున మత్తు: ఊరి కట్టు, సర్కారు గుత్త

భద్రాచలమనగానే మనవారికి రామదాసును, శ్రీరామనవమినాటి కల్యాణమును స్ఫురించును. ఆ కోవెల గోపురము నెక్కి చూచిన నలుదెసల కనుపించు కొండలయందు తరతరములుగా నివసించుచున్న కోయల చరిత్రము, కొండరెడ్ల చరిత్రము మాత్రము మనలో ననేకులకు దెలియదు. తెలిసినదని తలచువారు సైతము "వారు త్రాగుడునకు బానిసలు" అను నొక్కమాటతో ఆ చరిత్రమును ముగింతురు. ఈ మాట యెంతవరకు నిజము? త్రాగుడు వారి స్వభావమా, లేక వారిపై వచ్చి పడిన దురవస్థయా? ఈ ప్రశ్నకు సమాధానము నేటి మన యువకులను మత్తునుండి కాపాడుకొను మార్గమునుగూడ చూపును గనుక, దానిని కొంత విచారింపవలసియున్నది.

మన్యమున మత్తుపానీయములు ముఖ్యముగా రెండు. జీలుగు, తాటిచెట్లనుండి తీయు కల్లు మొదటిది. ఇప్పపూవును పులియబెట్టి కాచు సారా రెండవది. కల్లు చెట్టునుండి దిగినప్పుడు తియ్యని రసమే. కొన్ని గంటలలో పులిసి మత్తు గొల్పును. వేసవిలో గాదెలు వట్టిపోయిన దినములయందు జీలుగుచెట్టే కొండరెడ్లను బ్రదికించుచుండెను. దాని కల్లు త్రాగుటయేగాక, చెట్టు మొదటిలోని చవ్వను దంచి పిండిచేసి తినుచుండిరి. పాల్వంచ ప్రాంతపు కొండరెడ్ల జీవనమును గూర్చి 1945లో గ్రంథము ప్రకటించిన హైమన్‌డార్ఫ్ పండితుడు ఈ చెట్టునకు వారి జీవితమునగల ప్రాముఖ్యమును చక్కగా గుర్తించెను. ఇక ఇప్పచెట్టు పూవు ఆహారము, గింజ నూనె. సారా దాని ప్రయోజనములలో నొక్కటి మాత్రమే.

ఈ పానీయముల కొక కట్టు ఉండెను. చెట్టు పారు ఋతువులోనే కల్లు. పూవు రాలిన తరువాతనే సారా. పండుగనాడు, పెండ్లినాడు, చావునాడు, తగవు తీరిననాడు పదిమంది కూర్చుండి, పెద్దలకును పితృదేవతలకును ముందుగా ధారపోసి, పిమ్మట తాము పుచ్చుకొనుచుండిరి. ఆ కాలమున త్రాగి చెడినవారే లేరని చెప్పుట అతిశయోక్తి యగును. కాని యెప్పుడు, ఎవ్వరు, ఎంత త్రాగవలయుననునది ఊరి యధీనమున నుండెను. విక్రయము లేదు గనుక, ఒకడెంత యెక్కువ త్రాగిన మరియొకని కంత లాభమను మాటయే లేదు. చదువరు లీ సంగతిని జ్ఞాపకమునం దుంచుకొనవలెను.

ఈ కట్టును సడలించినది అబ్కారీ. గోదావరి యెడమగట్టున నున్న భద్రాచలము, రేకపల్లి సీమలను నిజాము 1860లో ఆంగ్లేయుల కప్పగించెను. మొదట మధ్యపరగణాలలో చేరియున్న యీ సీమలు 1874లో మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్పబడెను. కుడిగట్టున పాల్వంచ సీమ నిజాము రాజ్యముననే నిలిచెను. గట్టులు రెండైనను ప్రభువుల నీతి యొక్కటే: మత్తుపై హక్కు సర్కారుది, దానిని గుత్తదారునకు వేలమువేసి ధనము రాబట్టుట. ఉభయ ప్రభుత్వములకును అబ్కారీ మిక్కిలి ఫలవంతమైన రాబడి యయ్యెను.

గుత్తదారుని స్వభావ మెట్టిదో కొంచెము ఆలోచింపుడు. అతడు పెట్టిన సొమ్ము ఏడాదిలో రావలెను. వడ్డీ రావలెను; లాభము రావలెను. అతనికి ఋతువుతో బనిలేదు, పండుగతో బనిలేదు. ప్రతిదినము అంగడి తెరచియుండవలెను; కల్లు చాలనిచో సారా పోయవలెను; రొక్కము లేనివానికి అప్పుపెట్టవలెను. ఊరికట్టు పరిమితిని గోరును. గుత్త అపరిమితిని గోరును. నాటి కట్టుబాటు చెడి నేటి వ్యసనమైన తీరంతయు ఈ భేదముననే యిమిడియున్నది.

దీనిని కొండవారు మౌనముగా సహింపలేదు. భద్రాచలమునకు దిగువనున్న రంపసీమలో 1879వ సంవత్సరము మార్చి నెలలో పెద్ద పితూరీ యారంభమయ్యెను. దాని కారణములలో ముఖ్యమైనది కల్లే. ఇంటి యక్కరకు సైతము కల్లు గీయరాదని క్రొత్త అబ్కారీ నిబంధనలు శాసించెను. గీచువారినుండి గుత్తదారులు "చిగురుపన్ను" అను పేర సొమ్ము పీడించి తీసికొనిరి. అంతకు పూర్వమే మన్సబుదారుని దుడుకుతనము, పోలీసుల లంచములు, మైదానపు వర్తకుల మోసములు ప్రజలను విసిగించియుండెను. చదువురాని కొండవారిచే పత్రములు వ్రాయించుకొని, వారి పరోక్షమున కోర్టులలో ఏకపక్షపు డిక్రీలు పొంది, పశువులను, సొత్తును జప్తుచేయుట ఆ వర్తకులకు పరిపాటి. జూలై నాటికి పితూరీ రేకపల్లి సీమకును ప్రాకెను. మధ్యపరగణాల పాలనలో అచ్చట గొడ్డలికి నాలుగణాలు చెల్లించి యిష్టము వచ్చినంత పోడు కొట్టుకొనెడివారు. మదరాసు ప్రభుత్వము పన్నును సుమారు మూడురెట్లు చేసి, కొన్ని యడవులలో పోడునే నిషేధించెను. అల్లరి నణచుటకు పోలీసులు చాలక ఆరు రెజిమెంట్ల మదరాసు పదాతిసైన్యమును, హైదరాబాదు కాంటింజెంటు దళమును రావలసివచ్చెను. నాయకులలో నొకడైన ద్వారబందాల చంద్రయ్య 1880లో హతుడయ్యెను. తుదకు మన్సబుదారీ రద్దయ్యెను.

కల్లుకొరకై తిరుగబడిరి గదా, వీరి నేల పొగడవలెనని సంస్కారప్రియులకు సందేహము కలుగవచ్చును. ఈ సందేహము న్యాయమైనదే. కాని వారు పోరాడినది త్రాగుటకై గాదు. తమ పెరటి చెట్టుపై తమ యధికారమునకై. ఈ వ్యాఖ్య మన పక్షపాతముచే కల్పించినది కాదనుటకు నలువదియేండ్ల తరువాతి చరిత్రమే సాక్షి.

1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడితో ప్రఖ్యాతుడైన అల్లూరి సీతారామరాజు, అంతకుముందు మన్యమున సంచరించుచు ప్రజలకు చేసిన బోధలు రెండు: త్రాగుడు మానుడు, కోర్టులకు పోక మీ పంచాయతీలలోనే తగవులు తీర్చుకొనుడు. సహాయనిరాకరణోద్యమ ప్రభావమున నాత డీ బోధ చేసెను. ఆశ్చర్యమేమనగా, తాతలు కల్లు హక్కునకై ప్రాణములొడ్డిన కొండలలోనే మనుమలు కల్లు మానుమను మాటను శ్రద్ధతో వినిరి. 1924 మే 7న సీతారామరాజు మరణించువరకును వారిలో ననేకు లాతనిని విడువలేదు. వినుటకు గల కారణము స్పష్టము. ఆ మాట చెప్పినవాడు వారి నడుమ జీవించినవాడు; చెట్టును లాగుకొనవచ్చినవాడు కాడు. పైగా మద్యమును మాన్పించుటతోబాటు తగవు తీర్చు నధికారమును ఊరికి మరల నిచ్చినవాడు. తనదైన వస్తువును మనుష్యుడు తానై విడువగలడు. పెరవాడు లాగికొన్నచో దొంగచాటుగా వెదకికొనును.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాతనైనను గుత్త పోయినదా? మత్తుపానీయములను, ఆరోగ్యమునకు హానిచేయు మాదకద్రవ్యములను ఔషధార్థము తప్ప నిషేధింప యత్నింపవలయునని రాజ్యాంగపు 47వ అధికరణము ఆదేశించినది. ఆచరణము వేరు. ఆంధ్రప్రదేశమున అబ్కారీ రాబడి 1970–71లో 39 కోట్ల రూపాయలుండగా 1991–92 నాటికి 812 కోట్లయ్యెను. 1980ల దశకములో సారాను పొట్లములలో గట్టి "వారుణివాహిని" యను పేర పల్లెపల్లెకు పంపిరి. పూర్వము అంగడికి పోయి త్రాగెడి సారా ఇంటిగుమ్మమునకే వచ్చెను.

దీనికి ప్రత్యుత్తరము ఈసారి సముద్రతీరపు జిల్లానుండి, స్త్రీలనుండి వచ్చినది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతోద్యమపు రాత్రిబడులలో చదువుకొన్న స్త్రీలు, వర్ధినేని రోశమ్మ మొదలగువారు ముందు నిలువగా, తమ యూరి సారా అంగడిని మూయించిరి. 1992లో సారా వేలముపాటలు సాగనీయకుండ స్త్రీలు అడ్డుపడిరి. ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1న సారా నిషేధము, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చెను. కాని 1997లోనే సంపూర్ణ నిషేధము సడలింపబడెను. స్త్రీలు గెలిచిన యధికారము గ్రామమున నిలువక రాజధానికి పోయెను; రాజధానిలో లెక్కలు చూచినవారు దానిని వెనుకకు దీసికొనిరి. ఊరు మూయించిన అంగడిని తిరిగి తెరచుటకు ఊరి యనుమతి యక్కరలేకపోవుటయే ఇందలి లోపము.

ఈ లోపమును తీర్చు శాసనము షెడ్యూల్డు ప్రాంతములకు 1996లోనే వచ్చినది. పంచాయతీల విస్తరణచట్టము, పెసా యని ప్రసిద్ధమైనది, మత్తుపదార్థముల విక్రయమును, వాడుకను నిషేధించుటకు, క్రమపరచుటకు, పరిమితము చేయుటకు గ్రామసభకును పంచాయతీకిని అధికారము నొసగుమని రాష్ట్రముల నాదేశించుచున్నది. దానికి నియమములు మన రాష్ట్రమున 2011లో వెలువడెను. 1879లో కొండవా రడిగినది, 1922లో సీతారామరాజు బోధించినది ఇందులో నొక్కటిగా గలిసియున్నవి. 2014లో రేకపల్లి మొదలగు సీమలు ఆంధ్రప్రదేశమునకు పోగా భద్రాచలపు పట్టణము తెలంగాణములో నిలిచెను. చట్టము మాత్రము రెండువైపులను చెల్లును. గ్రామసభ కూడినప్పుడు ఈ విషయమును చర్చింపుమని అడుగువారు కావలెను.

నేడు శత్రువు వేషము మార్చినది. విశాఖమన్యమునను, ఒరిస్సాలోని మల్కనగిరి కొండలలోను రహస్యముగా పండించు గంజాయి భద్రాచలపు దారిని నగరములకు పోవుచున్నది. 1965లో గోదావరిపై వారధి కట్టినప్పుడు ఇట్టి సరకు దానిపై నడచునని యెవ్వరు తలచిరి? కొద్దిపాటి కూలికి మూటను మోయు పేదపిల్లవాడు పట్టుబడినచో, ఇరువది కిలోలకు మించిన గంజాయికి పదియేండ్లకు తక్కువ కాని కఠినశిక్ష యున్నది. లాభము తీసికొన్నవాడు దూరముననుండును. ఇది గుత్తదారుని పాతకథయే.

మైదానపు తెలంగాణమున మరియొక విషము చూచితిమి. చెట్లు చాలనిచోట నీళ్లలో క్లోరల్ హైడ్రేటు, డైజీపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మందులు కలిపి కల్లని యమ్మిరి. 2015లో ప్రభుత్వము దానిని గట్టిగా నరికట్టగానే, అలవాటుపడినవారు వణకుతో, మూర్ఛలతో, మతిచలించి ఆసుపత్రులపాలైరి. ఇందు మనకొక పాఠమున్నది. దీర్ఘకాలము త్రాగినవానిని గదిలోబెట్టి ఒక్కసారిగా మాన్పించుట ప్రమాదకరము. వైద్యుని యాజమాన్యమున మాన్పింపవలెను. వ్యసనము పాపమని తిట్టుట చికిత్స కాదు. అది మెదడునకును శరీరమునకును బట్టిన వ్యాధి. మెదడు పెరుగుదల ఇరువదియైదేండ్ల ప్రాయమువరకును సాగును గనుక, పదునాలుగు పదునైదేండ్లకే గంజాయి, మద్యము తగిలినవాని హాని యెక్కువ. క్షయ ప్రబలిన ప్రాంతమున మద్యము ఆ వ్యాధికి తలుపు తెరచును.

ఇంతకును యువకుడు మత్తు నేల వెదకుచున్నాడు? పోలవరపు ముంపున ఊరు పోవునను దిగులుగలవాడొకడు. ఆశ్రమపాఠశాల చదువు ముగించి పనిదొరకక ఇంటికి వచ్చి సిగ్గుపడువాడొకడు. ఖమ్మములో పరీక్షల పోటీకి పంపబడి నిద్రకు దూరమైనవాడొకడు. మనోవేదన చెప్పుకొనుటకు తావు లేనిచోట సీసాయే నేస్తమగును. పూర్వము పదిమందిలో త్రాగిన జాతి నేడు ఒంటరిగా త్రాగుచున్నదనుటలోనే దుఃఖమంతయు నున్నది.

కావున గృహస్థులు చేయదగినవి కొన్ని గలవు. మన యింట పిల్లవాని నిద్ర, ఆకలి, స్నేహములు మారినప్పుడు కేకలువేయక, తీరికగా కూర్చుండి అడుగుట మొదటిది. బయటివారితో చెప్పుకొనుటకు సంకోచించువారికి కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న నెలకొల్పిన టెలీమానస్ సహాయకేంద్ర మున్నది. 14416 అను సంఖ్యకు ఫోనుచేసిన తెలుగులోనే మాటాడుదురు. కొద్దిపాటి మాదకద్రవ్యముతో పట్టుబడిన వ్యసనపరుడు తానై చికిత్సకు వచ్చిన, 1985 నాటి చట్టములోని 64-ఎ నిబంధన వానికి అభియోగమునుండి రక్షణ నొసగుచున్నది. ఈ సంగతి తల్లిదండ్రు లెరుగక భయముచే వ్యాధిని దాచుచున్నారు.

మన్యమున సంస్కారము చేయబోవువారికి మరియొక విజ్ఞప్తి. ఇప్పసారా కాచి యమ్ముకొను వితంతువునకు ఆ కుండయే జీవనాధారము. దానిని పగులగొట్టుట సులభము. ఆమె పొయ్యిపై మరియొక కుండ నుంచుట కర్తవ్యము. ఆదిలాబాదు వైపున ఉట్నూరులో ఆదివాసీ స్త్రీలు సంఘముగా గూడి అదే ఇప్పపూవుతో లడ్లు చేయుచున్నారు. రక్తహీనతగల బాలికలకవి బలమిచ్చుచున్నవి. పూవు మారలేదు, దానిపై నెవరి యధికారము, ఏ యుద్దేశ్యము అనునది మారినది.

"వారు త్రాగుడునకు బానిస" లనువారు ఈ చరిత్రమును చదివిన పిదపనైనను ఆ మాటను విడిచి, గ్రామసభలో వారి సరసను కూర్చుండవలెను. అంగడి యుండవలెనా వలదా యని ఆ యూరి స్త్రీలు చేతులెత్తు దినమున, వారి నిర్ణయమును తిరుగదోడ నెవ్వరికిని వశము కాకుండ కాపాడుటయే చదువుకొన్న మనవంతు పని.