ఉర్దూ సఫర్‌నామా

ఉర్దూలో యాత్రాకథనాన్ని సఫర్‌నామా అంటారు. దీనికి ఆద్యుడిగా విమర్శకుల్లో చాలామంది గుర్తించేది ఒక హైదరాబాదీయుణ్ణి. యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ 1828లో హైదరాబాదు విడిచి లక్నో చేరి, అవధ్ రాజు కొలువులో కుదిరాడు. 1837లో కలకత్తాలో ఓడెక్కి ఇంగ్లండు వెళ్లాడు. మీర్జా అబూ తాలిబ్ ఖాన్ వంటి పూర్వులు తమ ఐరోపా యాత్రలను పారశీకంలో రాసుకున్నారు. పైగా వారిలో కొందరు రాజకార్యం మీద వెళ్లినవారు. కంబల్‌పోష్‌ను కదిలించింది లోకం చూడాలన్న కోరిక ఒక్కటే. లండన్, పారిస్, తిరుగుదారిలో ఈజిప్టు చూసి అతను రాసిన పుస్తకం 1847లో ఢిల్లీలో అచ్చయింది. తర్వాత ‘అజాయబాత్-ఎ-ఫరంగ్’ పేరుతో ప్రసిద్ధికెక్కింది. తెలుగులో ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో వెలువడింది. రెండు భాషల్లోనూ యాత్రావచనం ఇంచుమించు ఒకే కాలంలో రూపుకట్టడం గమనించదగ్గది.

1857 తిరుగుబాటు తర్వాత వింతలు చూసి మురిసిపోయే తీరు తగ్గింది. 1869లో లండన్ వెళ్లిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అక్కడి చదువులను మెచ్చుకుంటూ, స్వదేశీయుల వెనుకబాటును కటువుగా దుయ్యబడుతూ ఉత్తరాలు రాశాడు. వాటిని పత్రికలో చదివినవాళ్లు మండిపడ్డారు. షిబ్లీ నొమానీ 1892లో తుర్కీ, సిరియా, ఈజిప్టు తిరిగి, అక్కడి గ్రంథాలయాల గురించీ విద్యాలయాల గురించీ శ్రద్ధగా రాశాడు.

ఈ చరిత్రలో స్త్రీల భాగం చాలా విలువైనది, దానికి దక్కిన గుర్తింపు మాత్రం తక్కువ. భోపాల్ పాలకురాలు సికందర్ బేగం 1863-64లో హజ్ చేసి, మక్కా వీధుల అపరిశుభ్రత గురించి కూడా దాచకుండా రాసింది. ఆమె ఉర్దూ రచన 1870లో ఇంగ్లీషు అనువాదంగా వెలువడింది. 1906లో ఉపాధ్యాయ శిక్షణకు లండన్ వెళ్లిన అతియా ఫైజీ దినచర్య, లాహోరు నుంచి వచ్చే స్త్రీల పత్రిక ‘తహజీబ్-ఎ-నిస్వాన్’లో అచ్చయింది. హైదరాబాదులో ఆడపిల్లల బడి స్థాపించిన సుగ్రా హుమాయూన్ మీర్జా కూడా ఐరోపా, ఇరాక్ యాత్రల గురించి రాసింది. పరాయి దేశపు ఇళ్లలోపలి బతుకు, అక్కడి ఆడవాళ్ల చదువు మగవాళ్ల పుస్తకాల్లో ఇంత దగ్గరగా కనిపించవు.

దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌లో ఈ ప్రక్రియకు పాఠకాదరణ బాగా పెరిగింది. ఇబ్నె ఇన్షా దానికి హాస్యం అద్దాడు. ముస్తన్‌సర్ హుస్సేన్ తారడ్ నవల చదివించినట్టు చదివించాడు. ముంతాజ్ ముఫ్తీ ‘లబ్బైక్’ హజ్ యాత్రను అంతరంగ శోధనగా మలిచింది. భారతదేశంలో హాస్య సఫర్‌నామాకు పేరు తెచ్చినవారిలో హైదరాబాదు రచయిత ముజ్తబా హుస్సేన్ ముఖ్యుడు. ఆయన జపాన్ యాత్రాకథనం ‘జపాన్ చలో జపాన్ చలో’. ఆయనకు 2007లో పద్మశ్రీ లభించింది.