అడుగున చల్లన

గుంటూరు దగ్గరి నల్లపాడు చుట్టుపక్కల కల్లాల్లో మిరపకాయ ఎండే రోజుల్లో, పొద్దు వాలగానే కాయను కుప్పచేసి పట్టా కప్పుతారు. కప్పబోయే ముందు పెద్దాయనెవరో ఒకరు మోచేతి దాకా చెయ్యి కుప్పలోకి దూర్చి చూస్తారు. పైకాయ గలగలమంటూనే ఉంటుంది. సరిగా ఆరని కాయ మాత్రం లోలోపల ఉడుకెత్తుతుంది. ఆ ఉడుకు కంటికి ఆనదు, చేతికే తెలుస్తుంది.

అలాంటి చెయ్యి ఒక్కటి విశాఖలో లేకపోయిందే అని 2020 మే 7 నుంచీ నా మనసు పీకుతూనే ఉంది.

గోపాలపట్నం దగ్గరి వెంకటాపురం. ఊరిని ఆనుకుని ఎల్‌జీ పాలిమర్స్. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా పుట్టి, 1997లో కొరియా కంపెనీ చేతికి వచ్చిన ఫ్యాక్టరీ. అందులో ఎం-6 అనే పాత ట్యాంకు, దాని కడుపులో సుమారు 1,800 టన్నుల స్టైరీన్. చల్లగా ఉంచినంతకాలం అది సాధువు. వేడి తగిలిందా, అణువు అణువును పట్టుకుని గొలుసు కట్టుకుంటూ పోతుంది. గొలుసు కట్టిన ప్రతిసారీ ఇంకాస్త వేడి పుడుతుంది. ఆ వేడికి గొలుసు మరింత జోరందుకుంటుంది. అందుకే ఆ ద్రవాన్ని ట్యాంకులోంచి తోడి, చల్లబరిచి, మళ్లీ ట్యాంకులోకే పంపుతుంటారు. గొలుసు కట్టకుండా ఆపే టీబీసీ అనే మందూ కలుపుతారు.

వేడిని పట్టించుకోనివాళ్లకు లోహమైనా ద్రవమైనా చెప్పే లెక్క ఒకటే. ఆస్ట్రేలియాలోని లాంగ్‌ఫర్డ్ గ్యాస్ ప్లాంటులో 1998 సెప్టెంబరు 25న, విపరీతమైన చలికి పెళుసుబారిన హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోకి వేడి నూనె వదిలారు. ఉక్కు పగిలింది, ఇద్దరు పోయారు. అక్కడ చలీ వేడీ ఒక్కసారిగా ఢీకొన్నాయి. ఎం-6లో ఒకదాని మీద ఒకటి చడీచప్పుడు లేకుండా పడుకున్నాయి.

2019 డిసెంబరులో ట్యాంకు లోపలి పైపుల అమరిక మార్చారు. ఆ తరువాత చల్లబడి వచ్చిన ద్రవం అడుగునే తిరిగింది, పైది పైనే ఉండిపోయింది. స్నానానికి గంగాళంలో చన్నీళ్ల మీద వేణ్నీళ్లు పోసి కలియబెట్టకపోతే ఏమవుతుందో మన ఇళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు. ఉష్ణోగ్రత చూసే సాధనమా, అడుగునే ఉంది. అది అబద్ధం చెప్పలేదు పాపం. తనున్నచోట ఎంత చల్లగా ఉందో అంతే చెప్పింది. పైన ఎంత కాగుతోందని దాన్ని ఎవరూ అడగలేదు, అడిగినా అది చెప్పలేదు.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఇక్కడ గుంటూరు మిర్చి యార్డు కూడా మూగబోయిన రోజులవి. అయినా మిరప బస్తాలు (టిక్కీలు) దాచిన కోల్డ్ స్టోరేజీల్లో చలి తగ్గకుండా కనిపెట్టుకునే ఉన్నారు. మిరపకాయ రంగు పోతుందని భయం. అక్కడ ఎం-6కు మాత్రం చలి పగటిపూట కొలువే. శీతలీకరణ యంత్రాలను సాయంత్రం 5 గంటలకు ఆపేసేవారని ప్రమాదాన్ని విచారించిన నీరభ్ కుమార్ ప్రసాద్ నాయకత్వంలోని హైపవర్ కమిటీ 2020 జులైలో ఇచ్చిన నివేదికలో తేల్చింది.

ఏప్రిల్ చివరి రోజుల్లో నమూనాల్లో పాలిమర్ శాతం పెరుగుతూ వచ్చింది. ఇక్కడే నా మనసు ఆగిపోతుంది. గొలుసు అప్పటికే కట్టుకుంటోంది, కబురు కాగితం మీదికి కూడా వచ్చింది. ఆ పూట ఎవరైనా ఉలిక్కిపడి ఉంటే? రాత్రి కూడా యంత్రం తిప్పమని ఒక్క మాట అని ఉంటే? మందు చాలినంత తెప్పించి ఉంటే? మేడే వచ్చింది, ఇంకా దాదాపు వారం మిగిలే ఉంది. వారమంటే ఎంత కాలమో ఆ ఊరివాళ్లను అడగాలి.

మే 6 సాయంత్రం కూడా యంత్రం ఆగింది. ఆ రాత్రి వైశాఖ పౌర్ణమి. తెల్లవారుజామున 3 గంటల వేళ ట్యాంకు పైభాగం నుంచి ఆవిరి తన్నుకొచ్చింది. స్టైరీన్ మరిగేది 145 డిగ్రీల దగ్గర. లోపలి వేడి 150 దాటింది. గాలికన్నా బరువైన ఆవిరి అది, పైకి పోదు. మంచులా నేల పట్టుకుని, వీధి వెంట, గుమ్మాల వెంట పాకింది. దూడలు కట్టుకొయ్యల దగ్గరే ఒరిగిపోయాయి. మెలకువ వచ్చినవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తారు. పరుగెత్తుతూనే కొందరు రోడ్డు మీద కూలిపోయారు. పన్నెండుమంది తిరిగిరాలేదు, వాళ్లలో పసివాళ్లున్నారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు.

సైరన్ మోగించే వీలు ఆ ఫ్యాక్టరీలో 36 చోట్ల ఉంది. గేటు దగ్గర కూడా ఉంది. ఒక్కటీ మోగలేదు.

వైశాఖపు ఉక్క ఎలా ఉంటుందో చెప్పాలా? కాస్త చల్లగాలి ఆడుతుందని కిటికీ రెక్కలు బార్లా తీసి పడుకునే రోజులవి.