కన్నవారి తర్వాత ఎవరు? సహాయక నివాస గృహాల్లో సంరక్షణ నాణ్యత

గుజరాత్‌లోని సూరత్ నగరంలో ఖటోదరా, ఉధనా, లింబాయత్ ప్రాంతాలు వస్త్ర పరిశ్రమకు పేరుపొందాయి. మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన చేనేత కుటుంబాలు సూరత్‌లో దశాబ్దాలుగా జీవిస్తున్నాయి. మగ్గం మీద 12 గంటల షిఫ్టు, ఇరుకు గది, స్వగ్రామంలో వృద్ధులైన పెద్దలు: ఇటువంటి ఇంట్లో మేధో వైకల్యం లేదా తీవ్ర మానసిక అనారోగ్యం ఉన్న వయోజన సంతానం ఉంటే, తల్లిదండ్రులను ఒక ప్రశ్న వెంటాడుతూనే ఉంటుంది. తమ తదనంతరం ఆ బిడ్డ ఆలనాపాలనా ఎవరిది? ఆ ప్రశ్నకు ఉన్న సమాధానాల్లో సహాయక నివాస గృహం ఒకటి. అక్కడి సంరక్షణ ఏ స్థాయిలో ఉందో తెలుసుకోవడం ఎలాగన్నదే అసలు సమస్య.

సహాయక నివాసం అంటే ఏమిటి?

ఇది ఆసుపత్రి కాదు, అనాథాశ్రమమూ కాదు. కొద్దిమంది వయోజనులు సాధారణ వీధిలోని సాధారణ ఇంట్లో కలిసి ఉంటారు. వంట, మందులు, ప్రయాణం, డబ్బు లెక్కలు వంటి వాటిలో ఎవరికి ఎంత సాయం కావాలో అంతే అందించడానికి సహాయకులు ఉంటారు. చేయగలిగిన పనిని నివాసితులే చేసుకుంటారు.

చెన్నైకి చెందిన ‘ది బన్యన్’ సంస్థ 2015లో ప్రారంభించిన ‘హోమ్ ఎగైన్’ ఇందుకు చక్కని ఉదాహరణ. ఏళ్ల తరబడి మానసిక చికిత్సాలయాల్లో ఉండిపోయిన వారు నలుగురైదుగురు చొప్పున అద్దె ఇళ్లలో, ఇరుగుపొరుగు మధ్య నివసిస్తారు. హైదరాబాద్‌లో ‘స్వయంకృషి’ సంస్థ మేధో వైకల్యం ఉన్న వయోజనుల కోసం సామూహిక గృహాలు నడుపుతోంది. జాతీయ ట్రస్టు ‘ఘరౌందా’ పథకం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న వయోజనులకు దీర్ఘకాలిక నివాసం కల్పించడానికి ఉద్దేశించినది.

చట్టం ఏం చెబుతోంది?

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ప్రైవేటు మానసిక సంరక్షణ గృహంలో మంటలు చెలరేగి 28 మంది మరణించారు. గొలుసులతో కట్టివేసి ఉండడంతో వారు తప్పించుకోలేకపోయారు. ఈ దుర్ఘటనను సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణకు స్వీకరించింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. కుటుంబం లేదన్న కారణంతోనో, ఇంటివారు నిరాకరించారన్న కారణంతోనో ఎవరినీ చికిత్సాలయంలోనే ఉంచేయకూడదని 19వ సెక్షన్ స్పష్టం చేస్తోంది. పరిశుభ్రమైన వసతి, ఏకాంతం, చేసిన పనికి తగిన వేతనం, ఇష్టమైతే సొంత దుస్తులు ధరించడం 20వ సెక్షన్ కింద హక్కులు. బలవంతంగా గుండు చేయించడం కూడా నిషిద్ధమే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం సమాజంలో ఇతరులతో సమానంగా జీవించే హక్కును గుర్తించింది. దివ్యాంగుల కోసం నడిపే సంస్థకు ధ్రువీకరణ పత్రం తప్పనిసరి చేసింది.

చట్టం హామీ ఇచ్చిన సేవలు అన్ని చోట్లా సమానంగా అందుబాటులో లేవు. గుజరాత్‌లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆసుపత్రులు అహ్మదాబాద్, వడోదర, జామ్‌నగర్, భుజ్ నగరాల్లో ఉన్నాయి. సూరత్ వాసులు మానసిక చికిత్స కోసం న్యూ సివిల్ ఆసుపత్రి వంటి సాధారణ ఆసుపత్రుల విభాగాలను ఆశ్రయిస్తారు. చికిత్స ముగిసిన తర్వాతి జీవితం మాత్రం ఎక్కువగా కుటుంబం భుజాల మీదే పడుతుంది.

నాణ్యత ఎక్కడ కనిపిస్తుంది?

తళతళలాడే నేల, కొత్త మంచాలు చూసి ఒక గృహం మంచిదని నిర్ణయించలేము. నివాసితుల దినచర్యను ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే అసలైన కొలత. నిద్రలేచే వేళ, తినే కూర, వేసుకునే బట్ట, వెళ్లే గుడి లేదా బజారు విషయంలో వారి మాటకు విలువ ఉందా? తమ వస్తువులు దాచుకోవడానికి తాళం ఉన్న పెట్టె ఉందా? పింఛను సొమ్ముకు లెక్క చూపుతున్నారా?

మందుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఏ మందు, ఎంత మోతాదు, ఎవరు రాశారు, చివరిసారి వైద్యుడు ఎప్పుడు చూశారు అన్నవి రాతపూర్వకంగా ఉండాలి. నివాసితులందరూ పగటిపూట కూడా మగతగా కనిపిస్తుంటే, సిబ్బంది కొరతను మందులతో కప్పిపుచ్చుతున్నారేమోనని అనుమానించాలి. రాత్రివేళ ఎందరు సహాయకులు ఉంటారు, వారికి ఏ శిక్షణ ఉంది, తరచూ మారిపోతున్నారా అని అడగాలి.

వలస కుటుంబాలకు భాష మరో కీలకాంశం. తెలుగు మాత్రమే వచ్చిన వ్యక్తిని గుజరాతీ, హిందీ మాత్రమే తెలిసిన సిబ్బంది మధ్య ఉంచితే, కడుపునొప్పిని గానీ, ఎవరైనా కొట్టిన సంగతిని గానీ చెప్పుకునే దారి మూసుకుపోతుంది. కోపంగా, మొండితనంగా కనిపించేది నిజానికి అర్థం కాని బాధ కావచ్చు. తెలుగు తెలిసిన ఒక సహాయకుడో, క్రమం తప్పక వచ్చే బంధువో, బొమ్మలతో కూడిన సంభాషణ పట్టికో ఉండేలా కుటుంబం ముందే పట్టుబట్టాలి. స్వరాష్ట్రానికి పంపడం కూడా తేలికైన నిర్ణయం కాదు. సూరత్‌లో పుట్టి పెరిగిన వారికి ఆ వీధులే సొంత ఊరు.

మూసిన తలుపుల వెనుక

తనిఖీ వ్యవస్థ ఉన్న దేశాల్లోనూ దారుణాలు జరిగాయి. బ్రిటన్‌లోని బ్రిస్టల్ సమీపంలో మేధో వైకల్యం ఉన్న వయోజనుల కోసం నడిచిన వింటర్‌బోర్న్ వ్యూ ఆసుపత్రిలో సిబ్బంది హింసను 2011లో బీబీసీ రహస్య చిత్రీకరణ బయటపెట్టింది. 11 మంది నేరాన్ని అంగీకరించగా, ఆరుగురికి జైలు శిక్ష పడింది. కాగితాల మీది నిబంధనలతో పాటు బయటివారి రాకపోకలూ ఉండాలని ఆ ఉదంతం చాటింది. ముందస్తు సమాచారం లేకుండా వచ్చిన బంధువును గుమ్మంలోనే ఆపే గృహం విషయంలో జాగ్రత్త పడాలి.

కుటుంబం చేయవలసిన పనులు

తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఏర్పాట్లు మొదలుపెట్టడం మేలు. 18 ఏళ్లు నిండిన తర్వాత తల్లిదండ్రులు తమంత తాముగా చట్టబద్ధ సంరక్షకులు కారు. 1999 జాతీయ ట్రస్టు చట్టం పరిధిలోని వైకల్యాలకు సంరక్షకుల నియామకం అవసరమైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి.

గృహంలో చేర్చే ముందు రిజిస్ట్రేషన్ పత్రాన్ని చూడాలి. కొద్ది రోజుల తాత్కాలిక నివాసంతో మొదలుపెట్టి, తిరిగి వచ్చిన వ్యక్తి తిండి, నిద్ర, ప్రవర్తన గమనించాలి. అక్కడ ఉండడం ఇష్టమేనా అన్న ప్రశ్న ముందుగా వారినే అడగాలి.

హింస లేదా దోపిడీ జరుగుతోందని అనుమానం కలిగితే దివ్యాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ కింద ఎవరైనా కార్యనిర్వాహక మేజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వవచ్చు. మానసిక ఆరోగ్య సంస్థల్లో సేవాలోపాలపై సంస్థ బాధ్యునికి, అక్కడ పరిష్కారం దొరకకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి ఫిర్యాదు చేయవచ్చు.

బిడ్డను గృహంలో చేర్చడంతో కుటుంబం బాధ్యత ముగిసిపోదు. ఆరా తీసేవారు ఉన్నారని తెలిసిన చోట సంరక్షణ మెరుగ్గా ఉంటుంది. తల్లిదండ్రుల తర్వాత ఆ పని చేయవలసిన తోబుట్టువు, బంధువు లేదా మిత్రుడు ఎవరో ఇప్పుడే నిర్ణయించుకోవడం ఏ పథకం కన్నా ముందు జరగవలసిన ఏర్పాటు.